ఆ ప్రొఫైల్‌లో ఉన్నావిడ నేనేనా?

ప్రశ్న:

నమస్కారం అండీ. నాకు 38 ఏళ్లు. ఐదేళ్ల క్రితం ఉద్యోగం మానేసి, పని ఒత్తిడిలో ఉన్నవాళ్లకు పనివేళలు సర్దుకోవడం నేర్పే శిక్షణ మొదలుపెట్టాను. పర్సనల్ బ్రాండ్ ఉంటే గానీ క్లయింట్లు రారని తెలిసినవాళ్లు చెబితే ఆన్‌లైన్‌లో రాయడం కూడా అప్పుడే మొదలైంది. 'తెల్లవారుజామున నాలుగున్నరకు లేచే మనిషి' అన్నది నా గుర్తింపు. రోజూ పొద్దున్నే ఒక ఫొటో, నాలుగు మాటలు. నా కష్టాలు కూడా దాచుకోకుండా రాసేదాన్ని. 'మీరు ఉన్నదున్నట్టు చెప్తారండీ' అని అందరూ మెచ్చుకునేవారు. ఇప్పుడు 40 వేల మందికి పైగా ఫాలో అవుతున్నారు. నా క్లయింట్లలో చాలామంది అలా వచ్చినవాళ్లే.

రెండు నెలల క్రితం మా నాన్న పోయారు. అప్పట్నుంచి ఎనిమిదింటికి గానీ మంచం దిగలేకపోతున్నాను. పోస్టులు మాత్రం ఆగలేదు. పాత ఫొటోలతో ముందే సిద్ధం చేసి పెడుతున్నాను, వాటంతట అవే వెళ్లిపోతున్నాయి. నాన్న పోయిన రెండు వారాలకు ఆయన మీద ఒక పోస్టు రాద్దామని కూర్చున్నాను. ఆయన గురించి రాస్తూ రాస్తూ, 'చివర్లో ఏ పాఠం పెడితే బాగుంటుంది?' అని ఆలోచిస్తున్నానని నాకే అర్థమై ఫోన్ అవతల పడేశాను. ఏడుపు కూడా రాలేదు. మొన్న మా తొమ్మిదేళ్ల పాపను ఫొటో తీయబోతే, 'అమ్మా, ఇది మనకా, పోస్టుకా?' అని అడిగింది.

ఆ ప్రొఫైల్‌లో ఉన్నావిడ నేనేనా? కాకపోతే నేనెవర్ని? అంతా డిలీట్ చేసేయాలనిపిస్తోంది. చేస్తే బతుకుతెరువు పోతుంది. ఏం చేయను?

సమాధానం:

ముందు నాన్నగారి సంగతి, అమ్మా. రెండు నెలలు ఏమంత కాలం కాదు. ఎనిమిదింటికి మంచం దిగితే దాన్ని తప్పుగానో బద్ధకంగానో లెక్క వేసుకోకండి. అయితే తిండి సయించకపోవడం, నిద్ర పట్టకపోవడం, దేనిమీదా మనసు నిలవకపోవడం ఇలాగే సాగుతుంటే డాక్టరు దగ్గరకు వెళ్లండి. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా వెంటనే వెళ్లండి. అలాంటి బాధను ఉత్తరాలతో తీర్చలేం.

ఇప్పుడు మీరు అడిగినదానికి వస్తాను.

బ్రాండ్ అన్న ఇంగ్లిషు మాటకు మూలార్థం కాల్చడం. పశువు ఒంటి మీద ఎర్రగా కాలిన ఇనుముతో వేసే గుర్తుకు ఆ పేరు వచ్చింది. మనం దాన్ని వాత అంటాం. పశువు వేరే మందలో కలిసిపోయినా యజమాని గుర్తుపట్టడానికి వేసేది. ఆ వాత ఆవు ఎవరిదో చెప్తుంది, ఆవు ఎలాంటిదో చెప్పదు. తర్వాత అదే మాట పీపాల మీదికి, పెట్టెల మీదికి, సరుకుల మీదికి వచ్చింది. సరుకు వరకు అది మంచి ఏర్పాటే. నిన్న కొన్న సబ్బూ ఇవాళ కొన్న సబ్బూ ఒకేలా ఉంటాయన్న భరోసా కొనేవాళ్లకు కావాలి. బ్రాండ్ ఇచ్చే మాట అంతా మారకపోవడం గురించే. సబ్బు ఆ మాట నిలబెట్టుకోగలదు. సబ్బుకు తండ్రి పోడు.

మనిషి కూడా బ్రాండే అన్న ఆలోచన జనంలో బాగా పాకడానికి ఒక కారణం, అమెరికన్ మేనేజ్‌మెంట్ రచయిత టామ్ పీటర్స్ 1997లో ఫాస్ట్ కంపెనీ అనే పత్రికలో రాసిన వ్యాసం. మనలో ప్రతి ఒక్కరూ 'నేను' అనే కంపెనీకి అధిపతులమని అందులో చెప్పాడు. పెద్ద సంస్థలో చేరితే రిటైరయ్యేదాకా ఢోకా లేదన్న నమ్మకం అప్పటికే సడలిపోయింది. సంస్థ పేరు చాటున బతకకండి, మీ పని మీ పేరుతో నలుగురికీ తెలియనివ్వండి అన్నది ఆయన సలహా. అందులో న్యాయం ఉంది. మీలా సొంతంగా పని పెట్టుకున్నవాళ్లకు మరీను. మీరు బ్రాండ్ కట్టుకోవడమే తప్పని నేను అనను. పని చేతకానివాళ్లు గొంతు పెంచి గెలుస్తుంటే, పని తెలిసినవాళ్లు మొహమాటపడి మూలన కూర్చోవడం నాకు నచ్చదు.

కానీ దీని రెండో వైపును 50 ఏళ్ల ముందే, 1947లో, ఎరిక్ ఫ్రామ్ అనే మనోవిశ్లేషకుడు చూశాడు. తనను తాను సరుకుగా చూసుకోవడం అలవాటైతే తన విలువ తన చేతుల్లోంచి జారిపోయి కొనేవాళ్ల చేతుల్లోకి వెళ్తుందని చెప్పాడు. వాళ్లు తల తిప్పుకున్న రోజున తాను ఎందుకూ పనికిరానన్న భావన వచ్చేస్తుంది. 'నేనెవర్ని?' అన్న మీ ప్రశ్న అక్కడే పుట్టిందని నాకు అనిపిస్తోంది. నాలుగున్నరకు లేచే మనిషి లేవడం మానేసింది. ఆ గుర్తింపు తీసేస్తే వెనక ఇంకెవరైనా మిగిలారా అని మీకు భయం వేసింది.

మిగిలారమ్మా. ఆ రోజు ఫోన్ అవతల పడేసిన చెయ్యి ఆమెదే.

అలాగని ప్రొఫైల్‌లో ఉన్నావిడను నకిలీ మనిషి అనుకోకండి. మనల్ని ఎరిగినవాళ్లు ఎంతమంది ఉంటే మనకు అన్ని సామాజిక 'నేను'లు ఉంటాయని మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1890లోనే రాశాడు. పాప దగ్గర ఒకలా, క్లయింట్ల ముందు ఒకలా, చిన్నప్పటి స్నేహితురాలితో ఇంకోలా ఉండడంలో మోసం లేదు. ఎదుటివాళ్లను బట్టి మనలో ఒక్కో గది తలుపు తెరుచుకుంటుంది. ప్రొఫైల్‌లో ఉన్నావిడా మీరే, మీలో ఒకరు. వచ్చిన చిక్కల్లా ఇల్లంతా ఆవిడకు రాసివ్వడం వల్ల వచ్చింది.

ఇలా ఎందుకు జరుగుతుందో చెప్పడానికి వేషం కట్టేవాళ్లను తలుచుకోవాలి. మనుషుల రోజువారీ నడవడికను రంగస్థలంతో పోల్చి చూసిన సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్. 1950ల్లో ఆయన చెప్పిన ముఖ్యమైన విషయం, వేదిక ఎంత అవసరమో తెర వెనక చోటూ అంతే అవసరమని. అక్కడ కిరీటం తీసి పక్కన పెడతారు, చెమట తుడుచుకుంటారు, ఇందాక మరిచిపోయిన మాటలు తలుచుకుని నవ్వుకుంటారు. వేషం తీసే చోటు ఉన్నంతకాలం వేషం ఎవరినీ మింగేయదు. డాక్టరు కోటు వేసుకుని ధైర్యంగా మాట్లాడతాడు. ఇంటికొచ్చి కోటు తగిలించాక కొడుకు జ్వరానికి అందరు తండ్రుల్లాగే కంగారుపడతాడు. ఆ కంగారును రోగులకు చూపించమని ఎవరూ అడగరు.

ఇప్పటి సలహాదారులు అడుగుతున్నారు. బ్రాండింగ్ గురించి చెప్పే మాటల్లో నాకు అన్నిటికన్నా భయం వేసేది 'మీరు మీలాగే ఉండండి, మీ బలహీనతలు కూడా పంచుకోండి, జనం నిజమైన మనిషినే ఇష్టపడతారు' అన్న మాట. వినడానికి ఎంత బాగుంటుందో! అబద్ధం చెప్పమంటే మీలాంటివాళ్లు మొదటిరోజే మానేసేవారు. నిజం చెప్పమన్నారు కాబట్టే ఐదేళ్లలో తెర వెనక గది మొత్తం వేదికలో కలిసిపోయింది. అలసట వచ్చినా దానికో ఫొటో, ఓటమి వచ్చినా దానికో ముగింపు. చివరికి నాన్నగారు పోయిన దుఃఖం లోపలికి వస్తే అది కూర్చోవడానికి గది లేకపోయింది. వేదిక మీద నిలబడే రావాల్సి వచ్చింది. మీకు ఏడుపు రాకపోవడానికి అదొక కారణం కావచ్చు. మీరు రాయి అయిపోయారని మాత్రం అనుకోకండి. రాయి అయితే ఆ పాఠం రాసి, ఫొటో వెతికి, పోస్టు చేసి ఉండేది.

మన భాషలో గుట్టు అని ఒక చక్కని మాట ఉంది. చాలామంది దాన్ని దాపరికంతో కలిపేస్తారు, రెండూ వేరు. తెలియాల్సినవాళ్లకు తెలియకుండా చేస్తే అది దాపరికం. తెలియక్కర్లేనివాళ్లకు చెప్పకపోవడం గుట్టు. ఐదేళ్లుగా మీరు గుట్టును దాపరికం అనుకుని వదిలేశారు. ఈ రెండు నెలలుగా దాపరికాన్ని గుట్టు అనుకుంటున్నారు. దీని గురించి కింద ఇంకాస్త కటువుగా చెప్పాల్సి ఉంది.

అంతకుముందు ఒక సంగతి. 'నేను నిజంగానే మారిపోయానేమో' అన్న మీ అనుమానం ఉత్త ఊహ కాదు. 1992లో డయాన్ టైస్ అనే మనస్తత్వవేత్త ప్రచురించిన ప్రయోగాల్లో కొందరు విద్యార్థులను కలుపుగోలు మనుషుల్లా, కొందరిని ముభావంగా ఉండేవాళ్లలా మాట్లాడమన్నారు. కొందరు ఎదుట మనిషి చూస్తుండగా చేశారు, కొందరు ఎవరికీ తెలియకుండా చేశారు. ఆ తర్వాత తమ గురించి తాము చెప్పుకోమంటే, ఇంకొకరు చూస్తుండగా చేసినవాళ్ల మీదే ఆ పాత్ర ముద్ర ఎక్కువగా పడింది. కాసేపు చేసిన ప్రయోగంలోనే అలా అయితే, మీరు ఐదేళ్ల పాటు రోజూ వేలమంది ముందు 'నేను ఇలాంటిదాన్ని' అని చెప్పారు. అది లోపలికి దిగకుండా ఎలా ఉంటుంది? కొంత మంచికే దిగి ఉంటుంది. మీలోని క్రమశిక్షణలో కొంత భాగం ఆ చెప్పడం వల్లే గట్టిపడి ఉండవచ్చు. ఆ మంచిని కాదనకండి. ఎవరూ చూడకుండా, ఎవరికీ చెప్పకుండా చేసే పనులు మీ రోజులో ఎన్ని మిగిలాయో మాత్రం ఒకసారి లెక్కపెట్టుకోండి.

అసలు మీరు మొదట్లో నాలుగున్నరకు ఎందుకు లేచేవారు? ఉత్తరంలో రాయలేదు. ఇంట్లో సద్దు లేని ఆ గంట ఇష్టమై లేచి ఉంటారని నా ఊహ. 1973లో మార్క్ లెప్పర్, ఆయన సహచరులు చిన్నపిల్లల మీద చేసిన ఒక పరిశీలన ఉంది. రంగు పెన్నులతో బొమ్మలు వేయడం బాగా ఇష్టమున్న పిల్లల్లో కొందరికి 'బొమ్మ వేస్తే బహుమతి ఇస్తాం' అని ముందే చెప్పి, అలాగే ఇచ్చారు. కొన్నాళ్ల తర్వాత చూస్తే ఆ పిల్లలు బొమ్మల దగ్గర గడిపే సమయం తగ్గిపోయింది. ఆశ పెట్టని పిల్లలు మునుపటిలాగే వేసుకుంటున్నారు. మీ తెల్లవారుజాముకు కూడా రోజూ బహుమతి వచ్చింది, లైకుల రూపంలో. ఇప్పుడు లేవలేకపోవడంలో దుఃఖం పాలు ఎంతో, ఆ గంట ఎప్పుడో మీది కాకుండా పోవడం పాలు ఎంతో నేను చెప్పలేను. ఎప్పుడైనా మళ్లీ తెల్లవారుజామున మెలకువ వస్తే ఫోన్ ముట్టుకోకుండా కూర్చుని చూడండి, మీకే తెలుస్తుంది.

ఇక కటువైన మాట. ముందే సిద్ధం చేసిన ఆ పోస్టులను ఈ రోజే ఆపేయండి. నాన్నగారు పోయిన విషయం ఎవరికీ చెప్పకపోవడం గుట్టు, దాని మీద మీకు పూర్తి హక్కుంది. లేవని రోజున లేచినట్టు ఫొటో పెట్టడం అబద్ధం. ఆ ఫొటో చూసి అలారం పెట్టుకుని, లేవలేక, 'ఆవిడ చేయగలుగుతోంది, నావల్ల కావడం లేదు' అని తమను తాము తిట్టుకున్నవాళ్లు ఆ 40 వేల మందిలో ఉండి ఉంటారు. వాళ్లకు మీరు ఒక వివరణ బాకీ ఉన్నారు. మిమ్మల్ని నొప్పించడానికి అనడం లేదు. మీ మనసులో నలుగుతున్నదాంట్లో సగం ఇదేననీ, ఇది తీరితే ఊపిరి ఆడుతుందనీ నమ్మి అంటున్నాను.

ఎలా చెప్పాలని మీరు తప్పకుండా తంటాలు పడతారు కాబట్టి నేనే రాసిస్తున్నాను. 'మా నాన్నగారు చనిపోయారు. రెండు నెలలుగా నేను నాలుగున్నరకు లేవడం లేదు. ఈమధ్య పెట్టిన ఫొటోలు పాతవి. అలా పెట్టినందుకు క్షమించండి. కొన్నాళ్లు ఇక్కడ రాయను.' ఇంతే. ఫొటో వద్దు, పాఠం వద్దు. దీన్ని అందంగా విస్తరించాలని చెయ్యి లాగుతుంది. నేను ఎలా పడిపోయానో, ఏం నేర్చుకున్నానో చెప్పే పెద్ద ఒప్పుకోలు పోస్టు ఒకటి మనసులో తయారైపోతుంది. అది రాశారంటే మళ్లీ అదే వేదిక ఎక్కినట్టే, ఈసారి పశ్చాత్తాపపు వేషంలో. ఐదు వాక్యాలు పెట్టి నోటిఫికేషన్లు ఆపేయండి. కామెంట్లు చదవడం మీకు నమ్మకమైన ఒకరికి అప్పగించండి. డబ్బిచ్చి నేర్చుకుంటున్న క్లయింట్లకు మాత్రం అంతకుముందే విడివిడిగా ఫోన్ చేసి చెప్పండి. వాళ్లు ఈ సంగతిని పోస్టులో చూసి తెలుసుకోకూడదు.

అంతా డిలీట్ చేయడం ఇప్పుడు వద్దు. దుఃఖంలో ఉన్నప్పుడు తిరిగి సరిచేసుకోలేని పనులు చేయకూడదన్నది ఒక కారణం. ఐదేళ్లలో మీరు రాసినదంతా అబద్ధం కాకపోవడం ఇంకో కారణం. ఆరు నెలలు అలాగే ఉంచండి. అప్పుడు కూడా తీసేయాలనిపిస్తే నిశ్చింతగా తీసేయండి.

బతుకుతెరువు మాటకొస్తే, ఒక కాగితం తీసుకుని మీ క్లయింట్లు డబ్బిచ్చి కొంటున్నది ఏమిటో రాయండి. మీరు ఎన్నింటికి లేస్తారన్నదానికి వాళ్లు డబ్బివ్వడం లేదు. ఊపిరాడని మనిషి వారాన్ని ముందేసుకుని, సమయం ఎక్కడ కారిపోతోందో చూపించి, ఏ పని వదులుకోవచ్చో చెప్పగలిగే మీ నేర్పుకు ఇస్తున్నారు. మీరు ఎనిమిదింటికి లేచినా ఆ నేర్పు ఎక్కడికీ పోదు. కాబట్టి ప్రొఫైల్‌లో మొదటి వాక్యం మార్చండి. 'తెల్లవారుజామున నాలుగున్నరకు లేచే మనిషి' తీసేసి, 'పని భారంలో కూరుకుపోయినవాళ్ల వారాన్ని సర్దిపెడతాను' అనండి. తేడా గమనించారా? మొదటిది మీరు ఎలాంటివారో చెప్పే మాట. రెండోది మీరు ఏం చేసిపెడతారో చెప్పే మాట. పని గురించి ఇచ్చిన మాటను కొంచెం ఆలస్యంగానైనా, ఏడ్చి కళ్లు వాచిన వారంలోనైనా నిలబెట్టుకోవచ్చు. 'నేను ఎప్పటికీ ఇలాంటిదాన్నే' అన్న మాటను ఏ మనిషీ నిలబెట్టుకోలేదు, నిలబెట్టుకోనక్కర్లేదు కూడా. మీరు కొత్తగా ఏం రాయబోయినా ఇదొక్కటి చూసుకోండి: ఇది నా పని గురించి మాటా, నా గురించి మాటా?

దీనివల్ల ఫాలోవర్లు తగ్గుతారు. కొందరు క్లయింట్లు రాకపోవచ్చు. జనానికి మనిషి కథలో ఉన్న రుచి పని వివరాల్లో ఉండదు. కొన్నాళ్లు ఖర్చులు చూసుకుని నడవాల్సి వస్తుంది, ఆ లెక్క ముందే వేసుకోండి. కానీ తెలుగులో మనం 'పేరొచ్చింది' అంటాం గమనించండి, పేరు అవతలివాళ్ల నోటి నుంచి వచ్చేది. ఐదేళ్లుగా మీ దగ్గర నేర్చుకున్నవాళ్లు ఉన్నారు కదా. వాళ్లలో పదిమందికి ఫోన్ చేసి, వాళ్ల వారం ఇప్పుడెలా ఉందో అడగండి. మీ పని అవసరమైన వాళ్లెవరైనా తెలిస్తే చెప్పమనండి. మొహమాటపడకండి. పోస్టు ద్వారా వచ్చిన 100 మందికన్నా అలా వచ్చే పదిమందితో మీకు పని తేలిగ్గా సాగుతుంది, వాళ్లు మిమ్మల్ని నాలుగున్నరకు లేవమని అడగరు.

పాప విషయం. ఆ పిల్ల అడిగిన ప్రశ్న కన్నా మంచి నియమం నేను రాసివ్వలేను. ఫొటో తీసే ముందు ఆ ప్రశ్నకు జవాబు చెప్పండి, 'మనకే' అన్నాక ఆ మాట తప్పకండి. ఇప్పటికే పెట్టిన ఫొటోలను ఒకరోజు పక్కన కూర్చోబెట్టుకుని చూపించి, ఏవి ఉంచాలో ఏవి తీసేయాలో తననే చెప్పనివ్వండి. తొమ్మిదేళ్లు వచ్చాయి, చెప్పగలదు. తను తీసేయమన్నవాటి గురించి బతిమాలకండి. మీ గుర్తింపు గురించి మీకు ఇన్ని ప్రశ్నలు వచ్చాయంటే, తన గుర్తింపును తనకంటే ముందు నలుగురూ చూసేశారని ఆ పిల్లకు ముందుముందు ఎలా అనిపిస్తుందో మీకు నేను విడమరచి చెప్పక్కర్లేదు.

ఇలాంటి ఉత్తరాలకు జవాబులు రాస్తూ రాస్తూ నేను కూడా ఓర్పు గల మనిషిననే పేరు తెచ్చుకున్నాను. ఒకసారి ఇంట్లో కోపంతో గట్టిగా అరిచాక, ఎదుటి మనిషి మొహం చూడకముందే 'పాఠకులు ఇది చూస్తే?' అన్న ఆలోచన వచ్చింది. నేను బాధపెట్టిన మనిషి ఎదురుగా ఉంటే నాకు కనపడనివాళ్లు గుర్తొచ్చారు. ఆ రోజు నాకు కలిగిన భయం ఇప్పటికీ పోలేదు. మీరు ఫోన్ పడేసిన క్షణం గురించి చదివినప్పుడు అదే గుర్తొచ్చింది, అందుకే ఇంత పెద్ద జవాబు రాశాను.

నాన్నగారి గురించి రాసి ఆపేసిన పోస్టు ఇంకా డ్రాఫ్టుల్లోనే ఉంటే, పాఠం కోసం వెతుకులాట మొదలైన చోటు నుంచి కింద ఉన్నదంతా చెరిపేయండి. పైన ఉన్నదాన్ని ఒక నోటుబుక్కులో చేత్తో ఎత్తి రాసుకోండి. గుర్తొచ్చినప్పుడల్లా కింద ఇంకో వాక్యం కలపండి. పాప పెద్దయ్యాక తాతయ్య గురించి అడిగితే చూపించవచ్చు, లేదా ఎవరికీ చూపించకపోవచ్చు.

మీ ఉత్తరంలో ఆయన పేపరు చదివే తీరు గురించి నాలుగు వాక్యాలున్నాయి. చదివాను, కళ్లు చెమర్చాయి. వాటిని మాత్రం ఇక్కడ అచ్చు వేయడం లేదు.